ఎవరి తాలూకు?



మన పల్లెల్లో కొత్త మనిషి కనిపిస్తే, అరుగు మీద కూర్చున్న పెద్దాయన అడిగే మొదటి మాట ఒకటుంది. "ఎవరి తాలూకు బాబూ?" అంటాడు. పేరు తరవాత, చదువూ ఉద్యోగమూ ఇంకా తరవాత. ముందు ఏ ఊరో, ఎవరింటివాడో తేలాలి. తేలిందా, మజ్జిగ వస్తుంది, కబుర్లు సాగుతాయి. ఆ ప్రశ్నలో ఎంతో ఆప్యాయత ఉంది. కానీ దేశం రెండుగా చీలి, అన్నదమ్ములు తుపాకులు పట్టుకున్న రోజున అదే ప్రశ్న మెడ మీద కత్తిలా నిలుస్తుంది. ఏ జవాబు చెప్పినా ఎవరో ఒకరు పరాయివాళ్లయిపోతారు.

అలాంటి రోజున ఆ ప్రశ్నను ఎదుర్కొన్న ఒక సైనికాధికారి కథ ఈ పూట మీతో పంచుకుంటాను. ఆయన పేరు జార్జ్ హెన్రీ థామస్. అమెరికా అంతర్యుద్ధం అనగానే మనకు లింకన్ గుర్తొస్తాడు. కొంచెం చదివినవాళ్లకు గ్రాంట్, షెర్మన్, లీ అనే సేనాపతుల పేర్లు తెలుసు. థామస్ పేరు అంతగా వినిపించదు. వాషింగ్టన్ నగరం నడిబొడ్డున ఆయన కంచు విగ్రహం ఒకటి ఉంది, గుర్రం మీద. ఆ కూడలిని థామస్ సర్కిల్ అంటారు. 1879 నుంచీ ఆ విగ్రహం అక్కడే ఉంది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు పిల్లలు ఆ పక్కనుంచే వెళ్తుంటారు. ఈసారి వెళ్లినప్పుడు ఒక్క నిమిషం ఆగి, తలెత్తి చూడాలని నా కోరిక. ఎందుకో చెబుతాను.

థామస్ 1816 జులై 31న వర్జీనియా రాష్ట్రంలో, సౌతాంప్టన్ కౌంటీలో పుట్టాడు. అది దక్షిణాది. పొలాలు, పొలాల్లో నల్లజాతి బానిసలు, ఆ బానిసల చెమట మీద నడిచే ఇళ్లు. థామస్ ఇల్లూ అలాంటిదే. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. 1831 ఆగస్టులో, కుర్రవాడికి పదిహేనేళ్లప్పుడు, ఆ కౌంటీలోనే నాట్ టర్నర్ అనే బానిస నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. 50 మందికి పైగా తెల్లవాళ్లు చనిపోయారు. ప్రతీకారంగా తిరుగుబాటుతో ఏ సంబంధమూ లేని నల్లవాళ్లను ఎందరినో చంపేశారు. వితంతువైన తల్లి పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లు వదిలి కౌంటీ పట్నానికి పరుగెత్తింది. ఆ పట్నం పేరు అప్పట్లో జెరూసలేం.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, థామస్ బానిసత్వాన్ని పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కాదు. దాని నడుమ పెరిగాడు. దాని భయాన్ని, దాని క్రూరత్వాన్ని రెండింటినీ చూశాడు. పెద్దయ్యాక టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తూ వంటపనికి ఒక బానిస స్త్రీని కొన్నాడు కూడా. ఈ సంగతి దాచిపెట్టి ఆయనను పొగడడం నాకు ఇష్టం లేదు. మనిషిని ఉన్నవాడిని ఉన్నట్టు చూస్తేనే, ఆయన ఎక్కడ మొదలై ఎక్కడిదాకా నడిచాడో మనకు అర్థమవుతుంది.

1836లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చేరాడు. నాలుగేళ్ల చదువు, తిండి, బట్ట అన్నీ దేశం ఖర్చే. 1840లో 42 మందిలో 12వ స్థానంలో పట్టా పుచ్చుకున్నాడు. అక్కడ ఒకే గదిలో ఉన్న స్నేహితుడు విలియం షెర్మన్. తరవాత ఫ్లోరిడాలో, మెక్సికో యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేశాడు. 1847లో బ్యూనా విస్టా పోరులో ఆయన నిబ్బరం చూసి సౌతాంప్టన్ జనం పొంగిపోయారు. చందాలు వేసుకుని, చక్కని పనితనంతో ఒక ఖడ్గం చేయించి, మా ఊరి బిడ్డ అని బహూకరించారు. ఆ ఖడ్గాన్ని గుర్తుపెట్టుకోండి.

ఆ తరవాత వెస్ట్ పాయింట్‌లోనే ఫిరంగి, అశ్వికదళ విద్యలు నేర్పే గురువయ్యాడు. గుర్రాలను మితిమీరి పరుగెత్తించవద్దని శిష్యులను అదిమిపెట్టేవాడు. కుర్రాళ్లు ఉడుక్కుని ఆయనకు "నిదానపు నడక ముసలాయన" అనే అర్థం వచ్చే పేరు తగిలించారు. అప్పుడు కళాశాల అధిపతి రాబర్ట్ లీ, ఆయనా వర్జీనియా వాడే. శిష్యుల్లో జెబ్ స్టూవర్ట్ ఉన్నాడు, జాన్ బెల్ హుడ్ ఉన్నాడు. 1855లో టెక్సాస్ సరిహద్దు కోసం కొత్త అశ్వికదళం ఒకటి పెట్టినప్పుడు లీ అందులో లెఫ్టినెంట్ కల్నల్, థామస్ మేజర్. 1860లో ఒక కొట్లాటలో బాణం వచ్చి గడ్డం దగ్గర చర్మాన్ని చీల్చుకుంటూ రొమ్ములో దిగితే, థామస్ తన చేత్తోనే పీకి పారేశాడు. అలాంటి దిట్టమైన మనిషి. మాటలు తక్కువ.

ఇక యుద్ధం సంగతి. 1860 నవంబరులో లింకన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. బానిసత్వం ఇక కొత్త ప్రాంతాలకు పాకకూడదన్నది ఆయన పార్టీ పట్టుదల. బానిసల మీద బతికే రాష్ట్రాలు బెదిరాయి. ఒకటొకటిగా 11 రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయి కాన్ఫెడరసీ అని వేరు కుంపటి పెట్టుకున్నాయి. 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి. నాలుగేళ్లు సాగిన ఆ యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా చనిపోయారు. దాని సెగ మన దేశాన్నీ తాకింది. అమెరికా పత్తి అందక ఇంగ్లండు మిల్లులు ఆకలిగొంటే, మన పత్తికి ధర ఆకాశానికి ఎక్కింది.

ఫోర్ట్ సమ్టర్ తరవాత కొద్ది రోజులకే వర్జీనియా కూడా విడిపోవడానికి ఓటు వేసింది. అప్పుడు ప్రతి వర్జీనియా ఆఫీసరు ముందూ ఆ ప్రశ్న నిలబడింది. నువ్వు ఎవరి తాలూకు?

రాబర్ట్ లీ జవాబు మనకు తెలుసు. దేశం చీలడం ఆయనకు ఇష్టం లేదు. అయినా సొంత రాష్ట్రం మీద కత్తి ఎత్తలేనని ఏప్రిల్ 20న రాజీనామా రాశాడు. సుమారు 300 మంది ఆఫీసర్లు అలాగే సైన్యం వదిలి దక్షిణాదికి వెళ్లిపోయారు. టెక్సాస్ అశ్వికదళంలో థామస్‌తో కలిసి భోంచేసిన వాళ్లు చాలామంది అందులో ఉన్నారు.

థామస్ వెంటనే తేల్చుకున్నాడని నేను చెప్పను. ఆ చలికాలంలో రైలు దగ్గర పడి వెన్ను దెబ్బతిని ఉన్నాడు. సైన్యంలో ఇక కొనసాగగలనో లేదో అన్న దిగులుతో వర్జీనియా సైనిక పాఠశాలలో ఒక కొలువు కోసం ఉత్తరం రాశాడు. మార్చిలో వర్జీనియా గవర్నరు తరఫున పిలుపు వచ్చింది, మా రాష్ట్రానికి ఆయుధాల అధిపతిగా వస్తావా అని. అప్పుడు మాత్రం తటపటాయించలేదు. వర్జీనియా దేశంలో ఉన్నంత కాలం, నా గౌరవానికీ మానవత్వానికీ విరుద్ధమైన పని నాచేత చేయించకపోతే, ఈ కొలువు వదలను అని అర్థం వచ్చేలా జవాబు రాశాడు. ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక దేశం పట్ల విధేయత ప్రమాణం మళ్లీ చేశాడు. రాజీనామాల వల్ల పైపదవులు ఖాళీ అయి కొద్ది వారాల్లోనే కల్నల్ అయ్యాడు.

వర్జీనియా ఏమంది? మన భాషలో చెప్పాలంటే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు అంది. ఉత్తరాది పిల్లను చేసుకున్నాడు, పెళ్లాం మాట విని చెడిపోయాడు అంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్నానికి చెందిన ఫ్రాన్సెస్ కెలాగ్‌ను ఆయన 1852లో పెళ్లాడిన మాట నిజమే. కానీ ఆ నిర్ణయంలో తన ప్రమేయం లేదని ఆమె తరవాత స్పష్టంగా చెప్పింది. చదువు చెప్పించుకున్న శిష్యుడు స్టూవర్ట్ అయితే, ఈ ద్రోహిని ఉరితీయాలని ఉంది అని భార్యకు జాబు రాశాడు. ఆ జులైలోనే పొటోమాక్ నది దాటి వర్జీనియా గడ్డ మీద జరిగిన తొలి కొట్లాటల్లో ఒకదానిలో గురుశిష్యులు ఎదురుబొదురు నిలబడ్డారు.

ఇక సౌతాంప్టన్ ఇంట్లో ఉన్న తోబుట్టువులు. వాళ్లు గోడకున్న తమ్ముడి పటాన్ని తిప్పి పెట్టేశారట. ఉత్తరాలు తగలబెట్టేశారట. ఇంకెప్పుడూ మాకు జాబు రాయవద్దు, మా ఇంటిపేరు కూడా పెట్టుకోవద్దు, మార్చుకో అన్నారని చెబుతారు. ఊరు ఇచ్చిన ఆ ఖడ్గం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఎంత కష్టం చూడండి! పరాయివాడు ద్రోహి అంటే మనిషి తట్టుకుంటాడు. తోడబుట్టినవాళ్లు ఫొటో గోడవైపు తిప్పేస్తే ఏ ధైర్యం అక్కరకొస్తుంది?

ఇక్కడ మన రామాయణం గుర్తుకు రాక మానదు. అన్న చేసేది తప్పని కుంభకర్ణుడికి తెలుసు, నిండు సభలో చెప్పాడు కూడా. చెప్పి, అన్న కోసమే యుద్ధానికి వెళ్లి ప్రాణం ఇచ్చాడు. విభీషణుడికీ తెలుసు. ఆయన అన్నను విడిచి ధర్మం ఉన్న వైపు నడిచాడు. మనం విభీషణుణ్ణి భక్తుడంటాం, చేతులు జోడిస్తాం. మళ్లీ మనమే "ఇంటిగుట్టు లంకకు చేటు" అని ఆయననే దెప్పుతాం. ఈ రెండు మాటలూ ఒకే నోట వేల ఏళ్లుగా అంటున్నామంటే, ఆ చిక్కుముడి మనకూ విడలేదన్నమాట. లీ చేసింది కుంభకర్ణుడి పని. థామస్ చేసింది విభీషణుడి పని. అయితే ఒక తేడా ఉంది. విభీషణుడికి చివరకు లంక పట్టాభిషేకం దక్కింది. థామస్‌కు వర్జీనియాలో కాలు పెట్టడానికి గడప కూడా మిగలలేదు.

పోనీ, ఎవరి కోసం ఇదంతా వదులుకున్నాడో ఆ ఉత్తరాది అయినా ఆయనను గుండెకు హత్తుకుందా? లేదు. అక్కడా అనుమానమే. ఇందరు దక్షిణాది వాళ్లు వెళ్లిపోయారు, ఈయన మాత్రం ఎన్నాళ్లుంటాడు అనుకున్నారు. ఆయనను జనరల్ చేయడానికి లింకన్ వెనకాడితే, పాత గది స్నేహితుడు షెర్మన్ నాది పూచీ అని నిలబడ్డాడు. అలా 1861 ఆగస్టులో బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1862 జనవరి 19న కెంటకీలోని మిల్ స్ప్రింగ్స్ దగ్గర శత్రువును తరిమికొట్టాడు. అప్పటికి ఉత్తరాదికి ఓటములే ఎక్కువ. చెప్పుకోదగ్గ తొలి విజయాల్లో అది ఒకటి. ఆ రోజు ఎదుటి సైన్యాన్ని నడిపింది జార్జ్ క్రిటెండెన్. ఆయన సొంత తమ్ముడు థామస్ క్రిటెండెన్ యూనియన్ సైన్యంలో, అంటే ఉత్తరాది సైన్యంలో, జనరల్. పల్నాటి యుద్ధం కథ విన్న మనకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు.

అదే ఏడాది సెప్టెంబరులో, యుద్ధానికి బయల్దేరే వేళ, సేనాపతి బ్యూయెల్‌ను తప్పించి నిన్ను నియమిస్తున్నాం అని థామస్‌కు ఉత్తర్వు వచ్చింది. ఆయన వద్దన్నాడు. బ్యూయెల్ అన్నీ సిద్ధం చేసుకుని కదలబోతున్నాడు, ఈ గడియలో ఆయనను దింపడం న్యాయం కాదు అన్నాడు. నెల తిరక్కుండా బ్యూయెల్‌ను ఎలాగూ తీసేశారు. కానీ ఆ పదవి థామస్‌కు రాలేదు. తనకంటే వెనక పదోన్నతి పొందిన రోజ్‌క్రాన్స్‌కు, నియామకపు తేదీని వెనక్కి జరిపి మరీ ఇచ్చారు. థామస్ తన అభ్యంతరం కాగితం మీద పెట్టాడు. పెట్టి, ఆయన కిందే పనిచేశాడు.

ఇక 1863 సెప్టెంబరు 20. ఉత్తర జార్జియాలో చికమాగా అనే వాగు ఒడ్డు. ఆయన జీవితంలో నడిమధ్యాహ్నం అది. ఎదుటి సేనాపతి బ్రాగ్, మెక్సికో యుద్ధంలో థామస్ పనిచేసిన ఫిరంగి దళానికి నాయకుడు. ముందురోజంతా దట్టమైన అడవిలో పోరు నడిచింది. ఆ రెండోరోజు పొద్దున రోజ్‌క్రాన్స్ ఒక పొరపాటు ఉత్తర్వు పంపాడు. వరసలో ఎక్కడో సందు ఉందని అనుకుని, దాన్ని పూడ్చడానికి ఒక డివిజన్‌ను పక్కకు జరగమన్నాడు. నిజానికి అక్కడ సందు లేదు. ఆ డివిజన్ జరగడంతో కొత్తగా సందు పడింది. సరిగ్గా ఆ క్షణానే కాన్ఫెడరేట్ జనరల్ లాంగ్‌స్ట్రీట్ సేనలు ఆ సందులోంచి గట్టు తెగిన కాలువలా వచ్చిపడ్డాయి. యూనియన్ సైన్యం కుడి భాగం చెల్లాచెదరైంది. ఆ వరదలో రోజ్‌క్రాన్స్, ఇద్దరు కోర్ కమాండర్లు కూడా వెనక ఉన్న చాటనూగా పట్నానికి వెళ్లిపోయారు.

థామస్ వెళ్లలేదు. స్నాడ్‌గ్రాస్ కుటుంబం దుంగల ఇల్లున్న గుట్టా, దాన్ని ఆనుకుని గుర్రపు లాడంలా వంపు తిరిగిన కొండవరసా పట్టుకుని నిలబడ్డాడు. చెదిరి వస్తున్న జవాన్లను దొరికినవాళ్లను దొరికినట్టు వరసలో నిలిపాడు. ఎవరు ఏ రెజిమెంటో అడిగే తీరిక లేదు. శత్రువు కొండ ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు, మళ్లీ ఎక్కుతున్నాడు. తూటాలు అయిపోతున్నాయి. పడిపోయినవాళ్ల సంచుల్లో వెతుక్కుని కాలుస్తున్నారు.

మధ్యాహ్నం వెనకవైపు దూరంగా ధూళి లేచింది. ఏదో పెద్ద దళం వస్తోంది. మనవాళ్లా, పగవాళ్లా? పగవాళ్లయితే చుట్టుముట్టినట్టే, అంతా ముగిసినట్టే. థామస్ దుర్భిణీ పెట్టి చూడబోతే కింద గుర్రం కుదురుగా నిలవడం లేదు, అద్దాల్లో ఏదీ ఆనడం లేదు. పక్కనున్నవాళ్లను చూడమన్నాడు. ఆ కాసేపు ఆ పెద్ద మనిషి ముఖం ఎలా ఉండి ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకున్నాను. జీవితమంతా జనం తనను అడిగిన ప్రశ్నే ఇప్పుడు ఆయన ఆ ధూళిని అడుగుతున్నాడు. మీరెవరి తాలూకు?

ధూళిలోంచి జెండా తేలింది. యూనియన్ జెండా. అది రిజర్వులో ఉంచిన గ్రాంజర్ దళం. గ్రాంజర్‌కు రమ్మని ఉత్తర్వు లేదు. ఫిరంగుల మోత విని, థామస్ ఒంటరిగా ఉన్నాడని గ్రహించి, తనంతట తానే కదిలి వచ్చాడు. తూటాలు కూడా తెచ్చాడు. పొద్దుగూకే దాకా ఆ కొండ నిలిచింది. చీకటి పడ్డాక థామస్ సేనను వరసగా వెనక్కి తీసుకెళ్లాడు. రెండు వైపులా కలిపి 34,000 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగిన పోరు అది. గెలుపు కాన్ఫెడరేట్లదే. కానీ సైన్యం మొత్తం తుడిచిపెట్టుకుపోకుండా ఒక మనిషి ఆపాడు. ఆనాటినుంచి ఆయనకు "చికమాగా బండరాయి" అని పేరు. నిదానపు నడక ముసలాయన అని నవ్విన కుర్రాళ్ల తరానికి, కదలకపోవడం విలువ ఏమిటో ఆ రోజు తెలిసింది.

అక్టోబరులో రోజ్‌క్రాన్స్ స్థానంలో థామస్‌ను పెట్టారు. నవంబరు 25న చాటనూగా ఎదుట ఉన్న మిషనరీ రిడ్జ్‌ను ఆయన సైనికులు ఎక్కేశారు. కొండ అడుగున కందకాలు మాత్రమే పట్టుకోమన్నది ఉత్తర్వు. చికమాగా అవమానం గుండెల్లో మండుతున్న జవాన్లు ఆగకుండా శిఖరం దాకా పోయారు. బ్రాగ్ సేన పరుగు తీసింది.

ఆ క్రిస్మస్ రోజున థామస్ ఇచ్చిన ఒక ఉత్తర్వు నాకు ఆయన విజయాలన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. చనిపోయిన సైనికుల కోసం చాటనూగాలో ఒక గుట్ట మీద శాశ్వత శ్మశానవాటిక కట్టమన్నాడు. ఆ పని చూసే పాస్టరు వచ్చి అడిగాడు. అయ్యా, ఒహాయో వాళ్లను ఒకచోట, ఇండియానా వాళ్లను ఒకచోట, ఇలా రాష్ట్రాల వారీగా పాతిపెట్టమంటారా? థామస్ కాసేపు ఆలోచించాడట. వద్దు, అందరినీ కలిపేయండి, ఈ రాష్ట్రాల హక్కుల గొడవతో నేను విసిగిపోయాను అన్నాడట.

ఆ మాట అన్నది ఎవరు? సొంత రాష్ట్రం వెలివేసినవాడు. పేరు మార్చుకోమన్న ఇంటి బిడ్డ. బతికున్నప్పుడు ఎవరి తాలూకు అని పీక్కుతిన్నది చాలు, చచ్చాకయినా వీళ్లను ఒక్కచోట పడుకోనివ్వండి అన్నాడు. ఈనాటికీ ఆ గుట్ట ఉంది. ఆ యుద్ధకాలపు సమాధులే 12,000కు పైగా. వాటిలో పేరు కూడా తెలియనివాళ్లు నాలుగు వేలమందికి పైగా ఉన్నారు.

1864 చివర నాష్‌విల్ పోరు వచ్చింది. షెర్మన్ మంచి మంచి దళాలను ఏరుకుని సముద్రం వైపు వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లను పోగుచేసుకుని, మీదికి వస్తున్న హుడ్‌ను ఆపడం థామస్ వంతు. హుడ్ అంటే ఎవరనుకున్నారు? వెస్ట్ పాయింట్ శిష్యుడు. పైనుంచి సర్వసేనాని గ్రాంట్ రోజూ తంతులు. దాడి చెయ్యి, వెంటనే చెయ్యి. థామస్ తొందరపడలేదు. అశ్వికదళానికి గుర్రాలు చాలక ట్రాము లాగే గుర్రాలు, సర్కస్ గుర్రాలు కూడా తెచ్చి పెట్టారు. అన్నీ కుదిరేసరికి డిసెంబరు 9న మంచువాన కురిసి నేలంతా గాజుపలకలా అయింది. మనిషి నిలబడలేడు, గుర్రం అడుగు వేయలేదు. గ్రాంట్ ఓర్పు పోయింది. థామస్‌ను దించేయడానికి ఇంకో జనరల్‌ను బయల్దేరదీశాడు, తాను కూడా బయల్దేరాడు. థామస్ ఒక్కటే జవాబు పంపాడు. నన్ను తీసేయాలనుకుంటే కిక్కురుమనకుండా తప్పుకుంటాను, కానీ సిద్ధం కాకుండా మనుషులను చావుకు తోలను అని దాని సారాంశం.

డిసెంబరు 14న మంచు కరిగింది. 15న పొగమంచులో దాడి మొదలైంది. రెండు రోజుల్లో హుడ్ సైన్యం ఇక సైన్యంగా మిగల్లేదు. ఆ యుద్ధం మొత్తంలో ఎదుటి సైన్యాన్ని ఇంత సంపూర్ణంగా విరిచిన గెలుపులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ రెండో రోజు సంగతి ఒకటి చెప్పాలి. ఓవర్టన్ హిల్ అనే కొండ మీదికి నల్లజాతి సైనికుల దళాలు దాడికి వెళ్లాయి. వాళ్లలో చాలామంది అంతకు కొద్దికాలం ముందు వరకూ బానిసలు. 13వ రెజిమెంటు ఒక్కటే ఆ గంటలో సుమారు 220 మందిని పోగొట్టుకుంది. జెండా పట్టుకున్నవాడు కూలితే ఇంకొకడు అందుకున్నాడు, వాడు కూలితే ఇంకొకడు. వీళ్లు గోడ చాటున ఉంటే పోరాడతారేమో గానీ, ఎదురెళ్లి పోరాడలేరని థామస్‌కు అంతదాకా ఒక శంక ఉండేది. పోరు ముగిశాక గుర్రం మీద ఆ వాలు వెంట వెళ్తూ, శత్రువు కందకాల అంచున తెల్లవాళ్ల శవాలతో కలిసి పడి ఉన్న నల్లవాళ్ల శవాలను చూశాడు. ఆగాడు. ఇక ఆ ప్రశ్న తీరిపోయింది, వీళ్లు పోరాడతారు అని పక్కవాళ్లతో అన్నాడు. చిన్న మాటే. కానీ బానిసను కొనుక్కున్న ఇంటి మనిషి, తాను తప్పుగా అనుకున్నానని పదిమంది ముందు ఒప్పుకున్న మాట అది. యుద్ధం ముగిశాక టెన్నెస్సీ, కెంటకీ ప్రాంతాల్లో అధికారం చేతికి వచ్చినప్పుడు, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ల మీద దౌర్జన్యం చేసేవాళ్లను అణచడానికి సైన్యాన్ని వాడాడు. తిరుగుబాటుదారులు తమ పనికి స్వాతంత్ర్య పోరాటమనే ముసుగు తొడుగుతున్నారని 1868లో ప్రభుత్వానికి రాసిన నివేదికలో హెచ్చరించాడు. ఆ ముసుగు తొలగడానికి అమెరికాకు ఆ తరవాత వంద ఏళ్లు కూడా చాలలేదు.

అదే 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆయనకు పెద్ద హోదా ఇవ్వబోయాడు. గ్రాంట్‌తో పడక, గ్రాంట్‌కు పోటీగా థామస్‌ను నిలబెట్టాలన్నది ఎత్తు. నాష్‌విల్‌లో తనను తీసేయబోయిన గ్రాంట్ మీద పగ తీర్చుకునే అవకాశం ఒళ్లోకి వచ్చిపడింది. ఆ హోదాకు తగిన పని యుద్ధం తరవాత నేనేమీ చేయలేదు, నా పేరు వెనక్కి తీసుకోండి అని సెనేట్‌కు కబురు పెట్టాడు.

యుద్ధం ముగిశాక దక్షిణాది అంతా కరువు. తోబుట్టువుల ఇల్లు చితికిందని విని డబ్బు పంపాడట. మాకు తమ్ముడు లేడు, 1861లోనే పోయాడు అని తిప్పి పంపారట. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తన కథ రాసుకోలేదు. సొంత కాగితాలు నాశనం చేసేశాడు. 1870 మార్చి 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో తన కార్యాలయంలో కూర్చుని, నాష్‌విల్ పోరులో తన పనిని తక్కువ చేస్తూ పత్రికలో వచ్చిన ఒక రాతకు జవాబు రాస్తూ, పక్షవాతం వచ్చి ఒరిగిపోయాడు. 53 ఏళ్లు. జీవితమంతా పెద్దగా నోరు విప్పనివాడు చివరకు తన తరఫున కలం పట్టాడు, రాత పూర్తి కాలేదు.

శవాన్ని దేశానికి ఆ కొసనుంచి ఈ కొసకు ట్రాయ్ పట్నానికి తెచ్చారు. అంత్యక్రియలకు అప్పటికి అధ్యక్షుడైన గ్రాంట్ వచ్చాడు, షెర్మన్ వచ్చాడు, వేలమంది వచ్చారు. వర్జీనియా నుంచి రక్తసంబంధీకులు ఒక్కరూ రాలేదు.

శ్రోతలారా, విధేయత అంటే పైవాడు చెప్పిందానికల్లా తలూపడమని కొందరు అనుకుంటారు. థామస్ తలూపలేదు. న్యాయం కాదనిపిస్తే ఇచ్చిన పదవి వద్దన్నాడు. తొందర తప్పనిపిస్తే సర్వసేనాని తంతికి లొంగలేదు. ఆయన విధేయత ఇచ్చిన మాటకు. దేశం ఖర్చుతో చదివి, దేశం ఉప్పు తిని, చెయ్యెత్తి చేసిన ప్రమాణానికి. ఆ మాట నిలబెట్టుకున్నందుకు ఊరు ద్రోహి అంది, ఇల్లు చచ్చాడు అంది, కొలువిచ్చినవాళ్లు అనుమానంగా చూశారు. ఆ మూడింటినీ మోస్తూ, ఎవరి మీదా నోరు పారేసుకోకుండా, ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా నాలుగేళ్ల యుద్ధం చేశాడంటారు.

మనకూ కులమో, ఊరో, జిల్లానో, పార్టీనో అడ్డం వచ్చి, నువ్వు మావాడివి కావా అని నిలదీసే రోజులు వస్తుంటాయి. మనవాళ్లు తప్పు చేస్తున్నారని తెలిసీ మనవాళ్లే కదా అని సర్దుకుపోయే రోజులు. అలాంటప్పుడు నాకు చాటనూగా గుట్ట గుర్తొస్తుంది. ఒకే తీరున వరసలు తీరిన ఆ తెల్లని రాళ్ల కింద ఎవరు ఏ రాష్ట్రం వాడో ఆయన విడదీయనివ్వలేదు. ఆ గుట్ట ముందు నిలబడి మన పెద్దాయన ఎవరి తాలూకు బాబూ అని అడిగితే, ఆ వేలమంది తరఫున ఒకటే జవాబు. అందరం ఒకరి తాలూకే.